విహారానికి వెళ్తే విహారయాత్రేనా?

తెలుగు టీచర్, సికింద్రాబాద్:
గ్రూపు పెద్దలకు నమస్కారం. మా ఏడో తరగతి పిల్లల్ని మహేంద్ర హిల్స్‌లోని బుద్ధ విహారానికి తీసుకెళ్లాం. ఇళ్లకు పంపిన కాగితంలో ఆఫీసువాళ్లు అలవాటుగా "విహారయాత్ర" అని కొట్టేశారు. చెప్పులు విప్పుతూ ఒక పిల్ల బోర్డు చదివి, "టీచర్, ఇది విహారం కదా, మరి లోపల ఆడుకోనివ్వరేం?" అంది. పక్కనున్నవాడు ఊరుకోడుగా, "ఇక్కడ ఉండే భంతేలకి రోజూ పిక్నిక్కేనా?" అన్నాడు. భంతే అంటే బౌద్ధ భిక్షువును గౌరవంగా పిలిచే మాట.

లోపల అందరూ బుద్ధిగానే కూర్చున్నారు. భంతే "బుద్ధం సరణం గచ్ఛామి" అని చెప్పించారు. పిల్లలు "శరణం" అన్నారు. బౌద్ధ గ్రంథాల పాలీ భాషలో శకారం లేదమ్మా, స ఒక్కటే అని ఆయన నవ్వి వదిలేశారు. అది వాళ్లకి అర్థమైంది. విహారం మాత్రం నాకూ అంతు చిక్కలేదు. పాపికొండల లాంచీ విహారం, వనవిహారం, జలవిహారం అంటూ మనకన్నీ సరదా తిరుగుళ్లే. అన్నీ వదులుకుని వచ్చినవాళ్లు ఉండే చోటికి ఈ మాట ఎలా కుదిరింది? దయచేసి "1. క్రీడ 2. బౌద్ధాలయం" అని నిఘంటువు ఫొటో మాత్రం పెట్టకండి.

సంస్కృతం మాస్టారు (రిటైర్డ్), తెనాలి:
అమ్మా, మా రోజుల్లో ఉపసర్గలు అనగానే ఈ శ్లోకం అప్పజెప్పించేవారు.

ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే
ప్రహారాహార సంహార విహార పరిహారవత్

"హృ" ధాతువుకి తీసుకుపోవడం అని అర్థం. ముందు ఉపసర్గ వచ్చి కూర్చుంటే ఆ అర్థాన్ని బలవంతంగా ఇంకోచోటికి లాక్కుపోతుంది. "ప్ర" వస్తే దెబ్బ, "ఆ" వస్తే తిండి, "సం" వస్తే చంపడం, "పరి" వస్తే తప్పించుకోవడం. "వి" వస్తే మీ విహారం. శ్లోకంలోనే ఉంది చూడండి. పిల్లలకి ఇది కంఠస్థం చేయించండి, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

పాలీ చదువుతున్నవాణ్ణి:
మాస్టారూ, శ్లోకం బాగుంది గానీ టీచర్ గారి సందేహం ఎక్కడిదక్కడే ఉంది. తిరగడమే అర్థమైతే ఉండే చోటికి ఆ పేరేమిటి?

పాలీ సుత్తాలు, అంటే బుద్ధుడి బోధలు, చాలావాటికి ఎత్తుగడ ఇలా ఉంటుంది: "ఏకం సమయం భగవా సావత్థియం విహరతి జేతవనే అనాథపిండికస్స ఆరామే." సావత్థి అంటే శ్రావస్తి నగరం, జేతవనం అక్కడి తోట. ఆ సమయంలో బుద్ధుడు అక్కడ ఉంటున్నాడని చెప్పడమే తప్ప, తోటలో షికారు కొడుతున్నాడని కాదు. కాలం గడపడమనే అర్థం పట్టుకుంటే రెండూ కలుస్తాయి. రాజుగారు తోటలో పొద్దు గడిపినా విహారమే, భిక్షువు ధ్యానంలో గడిపినా విహారమే. మనసు నిలవాల్సిన నాలుగు తీరులకి బ్రహ్మవిహారాలని పేరు: మెత్తా (మైత్రి), కరుణా, ముదితా, ఉపేక్ఖా (ఉపేక్ష). మరి అక్కడ తోటా లేదు, లాంచీ లేదు.

తొలినాటి భిక్షువులు ఊరూరా తిరిగేవాళ్లు. వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఆగేవాళ్లు, మన స్వాముల చాతుర్మాస్యం లాగా. రానురాను వాళ్లుండే కట్టడానికే విహారమన్న పేరు స్థిరపడింది. బీహార్ అన్న పేరూ ఇందులోంచి వచ్చిందే.

తెలుగు అనువాదాల్లో "బుద్ధుడు జేతవనంలో విహరించుచుండగా" అని కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. "బస చేసి ఉండగా" అంటే ఏం పోయింది?

అనకాపల్లి నుంచి:
మాటలతో ఎందుకండీ, పిల్లల్ని ఓసారి ఇటు తీసుకురండి. విశాఖ దగ్గర తొట్లకొండ మీద విహారాల పునాదులు ఇప్పటికీ ఉన్నాయి. వరసగా చిన్నచిన్న గదులు. మేం తీసుకెళ్లినప్పుడు ఒక పిల్లాడు అందులో నిలబడి, చేతులు చాపి చూసుకుని, "ఇంతేనా? దీనికన్నా మా హాస్టలే నయం" అన్నాడు. విహారమంటే ఉండే చోటు అని మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక్కడి పేర్లూ గమ్మత్తుగా ఉంటాయి. రాతిలో తొలిచిన నీళ్ల తొట్లున్నాయని తొట్లకొండ, బావులున్నాయని బావికొండ. బౌద్ధం సంగతి మరిచిపోయాక, జనం కంటికి కనబడినదాన్ని పట్టి పిలుచుకున్నారు. మా పక్కనున్న శంకరం శివుడి పేరనుకుంటారు కొత్తవాళ్లు. అది సంఘారామం, అంటే భిక్షువుల సంఘం ఉండే చోటు, అన్న మాట అరిగి అరిగి అలా అయిందని చెబుతారు. అక్కడి లింగాలకొండ మీద బారులు తీరి ఉన్నవి లింగాలు కావు, కొండరాతిలో చెక్కిన స్తూపాలు. ఎదురుగా ఉన్నది బొజ్జన్నకొండ.

హైదరాబాదీ:
ఆరామం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మేం "ఆరాం సే" అంటాం, అది ఇదేనా?

పాలీ చదువుతున్నవాణ్ణి:
మీది ఫారసీ నుంచి వచ్చిందన్నా. కానీ మూలంలో చుట్టరికం ఉంది. ఇటు "రమ్" ధాతువు, అటు దాని ఇరానీ దాయాది.

సంస్కృతం మాస్టారు:
అయితే మన పంచారామాల్లోని ఆరామం కూడా...

అనకాపల్లి నుంచి:
మాస్టారూ, మీకు దండం పెడతాను. ద్రాక్షారామం, భీమవరం దాకా వెళ్లామంటే తెల్లారిపోతుంది. బౌద్ధుల మాటేనని వాదించేవాళ్లున్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు. దానికి వేరే పోస్టు పెట్టుకుందాం.

తెలుగు టీచర్, సికింద్రాబాద్:
అందరికీ ధన్యవాదాలు. కాలం గడపడమన్న మెలిక నాకు సరిపోయింది. పాలీ బాబూ, నాలుగోది ఉపేక్ష అన్నావు. మా నోటీసు బోర్డు మీద "క్రమశిక్షణ తప్పితే ఉపేక్షించేది లేదు" అని పెద్దక్షరాలతో ఉంది. పిల్లలు అడగకుండా ఉంటారా?

పాలీ చదువుతున్నవాణ్ణి:
ఉప, ఈక్ష. "ఈక్ష" అంటే చూపు, మేడం. ఇష్టానికీ కోపానికీ లొంగకుండా చూడడం బౌద్ధుల ఉపేక్ష. సంస్కృతంలోనే పట్టించుకోకపోవడం అన్న అర్థం కూడా ఉంది, మన వాడుకలోకి అదొక్కటే వచ్చింది. చూస్తూ ఊరుకోవడంలో చూడడం పోయి, ఊరుకోవడం మిగిలింది.

సంస్కృతం మాస్టారు:
ముదిత సంగతి కూడా చెప్పు నాయనా. మా ప్రబంధాల్లో ముదిత అంటే ఆడమనిషి.

పాలీ చదువుతున్నవాణ్ణి:
ఇక్కడ ఎదుటివాడి మేలు చూసి సంతోషించడం, మాస్టారూ. మోదం, ముదం, ముదిత, అన్నీ ఒక ఇంటివే.

తెలుగు టీచర్, సికింద్రాబాద్:
అంటే పక్కవాడికి మార్కులు ఎక్కువొస్తే సంతోషించాలన్నమాట. ఏడో తరగతిలో దీనికన్నా ఉపేక్షే తేలిక.