ఒకే సారాంశం కేటలాగుకూ వెబ్ లింకుకూ సరిపోయేలా రాయడం ఎలా?

లైబ్రరీ కేటలాగుకు పుస్తకాల వివరాలు నమోదు చేసే మార్క్ 21 పద్ధతి రికార్డులో 520 ఫీల్డుకు (సారాంశం రాసే గడి) రాసిన సారాంశాన్నే వెబ్ పేజీ మెటా వివరణగానూ (వెతుకులాట ఫలితాల్లో లింకు కింద కనిపించడానికి రాసే మాటలు) వాడాలి. చిక్కంతా కొలత దగ్గరే. సాఫ్ట్‌వేర్‌లో 160 క్యారెక్టర్ల హద్దు ఉంది, కానీ ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘క్షే’ కంటికి ఒక్కటే అక్షరం, లెక్కలో 4. పైగా గూగుల్ ఈ అంకెను పట్టించుకోదు, తెర వెడల్పును బట్టి కోసేస్తుంది; ఒక్కోసారి మన వివరణ వదిలేసి పేజీలోని వాక్యమే చూపిస్తుంది.

ప్రస్తుతం మొదటి వాక్యంలో విషయం, కాలం, ఎవరికి పనికొస్తుందో పెడుతున్నాం. ‘ఈ పుస్తకంలో రచయిత’ అని మొదలుపెడితే అసలు మాట కోతలో పోతుంది కాబట్టి అది మానేశాం. పొగడ్తలూ తీసేశాం. (సమీక్షే రాయాలంటే 520లో అది ఏ రకం వివరణో చెప్పే మొదటి ఇండికేటర్ (గుర్తు అంకె) 1 ఉండనే ఉంది.)

తేలనిది ఒకటే. తెలుగులో క్రియ చివరికి వస్తుంది, కోత పడితే ముందు పోయేది అదే. ‘బిందు సేద్యం పైపుల అమరికను వివరిస్తుంది’ బదులు ‘బిందు సేద్యం: పైపుల అమరిక, మరమ్మతు’ అని క్రియ లేకుండా రాస్తే కేటలాగులో మరీ మొండిగా ఉంటుందా? తెలుగు రికార్డులు చేసేవాళ్లు క్యారెక్టర్లకు బదులు మాటలు లెక్కపెడుతున్నారా? అలాగైతే మొదటి వాక్యాన్ని ఎన్ని మాటల్లో ముగిస్తున్నారు?