ఏబీఎస్ మాడ్యూల్ జవాబు మధ్యలోనే ఆగిపోతోంది, కాస్త చూసి చెప్పగలరా?

నమస్కారం అండి. మాది విశాఖ, మధురవాడ. సింహాచలం కొండ దిగుతుంటే మా కారులో ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లైటు వెలుగుతోంది. కింద ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పోతోంది. మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండానే మాడ్యూల్ (ఏబీఎస్‌ని నడిపే కంప్యూటర్) మార్చాలన్నాడు. బీచ్ గాలికి కనెక్టర్ పిన్నులు తుప్పు పట్టాయేమోనని నా అనుమానం. డేటా చూడకుండా మాత్రం డబ్బు పెట్టను.

స్టీరింగ్ కింద ఉండే, కారు కంప్యూటర్ల డేటా చదివే ఓబీడీ సాకెట్‌కి ఈఎల్ఎం 327 అడాప్టర్ పెట్టి ల్యాప్‌టాప్‌లో చదువుతున్నాను. కారు కంప్యూటర్లు మాట్లాడుకునే లైను క్యాన్ బస్, 500 కేబీపీఎస్, 11 బిట్ ఐడీలు. ఇంజిన్‌ని 01 05 (కూలెంట్ వేడి ఎంత అనే ప్రశ్న) అడిగితే 41 05 78 వచ్చింది. హెక్స్ (16 ఆధారంగా రాసే అంకెలు) 78 అంటే 120, అందులో 40 తీసేస్తే కూలెంట్ 80 డిగ్రీలు. ఆ లెక్క తేలిన రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు!

చిక్కంతా ఏబీఎస్ దగ్గరే. 22 సర్వీసుతో (మాడ్యూల్‌లోని డేటా అడిగే కమాండ్) అడిగితే 768 ఐడీ నుంచి 10 14 62 అని మొదలయ్యే ఒక్క ఫ్రేమ్ (ఒక విడత సందేశం) వచ్చి ఆగుతోంది. హెక్స్ 14 అంటే మొత్తం 20 బైట్లు. వచ్చినవి 6, ఇంకా 14 రావాలి. 21, 22తో మొదలవ్వాల్సిన ఫ్రేములు జాడే లేవు. మిగతావి పంపమని చెప్పే ఫ్లో కంట్రోల్ 30 00 00ని అన్ని మాడ్యూళ్లకూ వెళ్లే 7డీఎఫ్ ఐడీకే పంపుతున్నాను. తప్పు అక్కడేనా? 768లో 8 తగ్గించి 760కి పంపాలా? ఈ అడాప్టర్‌లో ఆ ఐడీ మార్చే కమాండ్లు ఏ వరుసలో ఇవ్వాలో వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.