విశాఖ తీరపు సిల్లిస్‌ను ఏ పేరుతో నమోదు చేయాలి?

విశాఖపట్నం తీరంలో రాళ్ల మీది నాచును కడిగినప్పుడు జల్లెడలో మిగిలిన సెంటీమీటరు పొడవు పాలికీటు పురుగులను (దేహం ఖండాలుగా ఉండే సముద్రపు పురుగులు; సిల్లిస్ వాటిలో ఒక ప్రజాతి) సూక్ష్మదర్శిని కింద చూస్తే, ఆహారనాళంలో సిల్లిడే కుటుంబానికి గుర్తయిన పీపా వంటి కండరభాగమూ, దేహమధ్యంలో వై అక్షరంలా చీలిన మందపాటి శూకాలూ (ముళ్లవంటి గట్టి వెంట్రుకలు) స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఈ శూకాలను బట్టి చూస్తే, గ్రూబే 1840లో మధ్యధరా సముద్రం నుంచి వర్ణించిన సిల్లిస్ గ్రాసిలిస్ అనే పేరే పెట్టవలసి వస్తోంది. అయితే ప్రపంచమంతటా ఉందనుకున్న ఆ జాతి నిజానికి పైకి ఒకేలా కనిపించే అనేక జాతుల సముదాయమని డీఎన్ఏ పరిశీలనలు చూపాయి గనుక, ఆ పేరును బంగాళాఖాతపు జీవికి నేరుగా పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. చీలిన శూకాలు ఏ దేహఖండం నుంచి మొదలవుతాయి, పక్క సిర్రైలలో (దేహం పక్కల ఉండే సన్నని తంతువులలో) కణుపులెన్ని అన్న లక్షణాలు జాతిని వేరుచేయడానికి సరిపోతాయా? ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది కాబట్టి కొన్ని నమూనాలను ఆల్కహాల్‌లోనే ఉంచాను. తూర్పు తీరపు సిల్లిస్‌లను పరిశీలించినవారు దయచేసి తెలియజేయగలరు.