మూడు పీసులంటే రైక గుడ్డలేనా?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా అక్క కూతురు పియానో నేర్చుకుంటున్నది. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ గ్రేడు పరీక్షలు అయ్యాయి, ఇప్పుడు సంగీతం డిగ్రీ కోసం బయటి దేశాల యూనివర్సిటీలకు దరఖాస్తు పెడుతున్నది. మొన్న ఇంట్లో కూర్చుని "మామా, ఆడిషన్‌కు మూడు పీసులు కావాలె" అన్నది. మా అమ్మ వెంటనే "రైకలకా? గడియారం కాడ మంచియి దొరుకుతయి, సాయంత్రం పోదాం" అన్నది.

పిల్ల అన్నది యూనివర్సిటీ వాళ్ళ ముందు వాయించి చూపించాల్సిన సంగీతం పీసుల గురించి. నవ్వులైతే అయిపోయాయి కానీ నాకు ఆ మాట పట్టుకున్నది. ఈ 'పీసు'ను మనం ఏమనాలి?

'ముక్క' అందామంటే, ముక్క లేనిదే ముద్ద దిగని ఊళ్ళు మావి, ధ్యాస కూర మీదికి పోతుంది. అయినా ఉత్తరం ముక్క, పేకముక్క అంటున్నాం కదా. అక్కడ ముక్క అంటే దేన్నుంచో విరిగి పడ్డది కాదు, దానికదే పూర్తి వస్తువు. అందుకే నా ఓటు ముక్కకే. మీరేమంటారు?

జవాబు (మిర్యాలగూడ): కృతి ఉండగా ముక్క ఎందుకన్నా? వాళ్ళు స్వరాలు రాసిన పుస్తకం మీద ఓపస్ అని వేసుకుంటారు. లాటిన్‌లో ఆ మాటకు పని అని అర్థం. మన కృతి కూడా 'కృ' ధాతువు నుంచి వచ్చిందే, చేసినది అని. ఇంత దగ్గరి మాటలు వెతికినా దొరకవు.

జవాబు (నేనే): ఓపస్‌కు కృతి సరిగ్గా అతుకుతుంది, ఒప్పుకుంటా. కానీ పీసుకు అతకదు. బీథోవెన్ సొనాటా ఒకటి తీసుకుంటే అందులో మూడో నాలుగో భాగాలుంటాయి. ఆడిషన్‌లో చాలాచోట్ల మొదటి భాగం ఒక్కటే వాయించమంటారు. అప్పుడు పిల్ల వాయించేది కృతిలో భాగమే తప్ప కృతి కాదు. పైగా మన దగ్గర కృతి అనగానే పల్లవి, అనుపల్లవి, చరణం గుర్తొస్తాయి. త్యాగరాజును పియానో ముందు కూర్చోబెట్టినట్టుంటుంది.

జవాబు (వనపర్తి): యక్షగానంలో పాటకు 'దరువు' అనే మాట ఉంది కదా సార్. ధ్రువ నుంచి వచ్చిందంటారు. అది వాడొచ్చు.

జవాబు (నేనే): మాట బాగుంది. కానీ మా దిక్కు దరువంటే డప్పే.

అసలు ఈ పీసుకన్నా నన్ను దెబ్బతీసిన మాట ఇంకొకటి. దరఖాస్తులో 'కాంట్రాస్టింగ్' పీసులు అని ఉంది. పిల్ల అడిగితే నేను తెలివిగా "వేర్వేరు అని" చెప్పాను. అది నమ్మి ఆమె ఎంచుకున్నవి: షోపాన్ నాక్టర్న్, డెబ్యుసీ 'క్లేర్ ద లూన్', బీథోవెన్ 'మూన్‌లైట్' సొనాటా మొదటి భాగం. మనుషులు వేరు, దేశాలు వేరు, కాలాలు వేరు. బీథోవెన్‌ది 1801 నాటిది, డెబ్యుసీది అచ్చయింది 1905లో. కానీ నాక్టర్న్ అంటే రాత్రి పాట, క్లేర్ ద లూన్ అంటే వెన్నెల, మూన్‌లైట్ అన్నా అదే (ఆ పేరు బీథోవెన్ పెట్టింది కాదు, ఆయన పోయాక అంటుకున్నది). మూడూ నిదానమే, మూడూ వెన్నెలే! టీచర్ చూసి "పున్నమి కచేరీనా ఇది?" అన్నారట. నాలుగు వారాల సాధన నా ఒక్క మాటతో పక్కకు పోయింది.

ఇప్పుడు నాక్టర్న్ ఒక్కటే మిగిలింది. మిగతా రెండింటి బదులు బాఖ్ ప్రెల్యూడ్ (ముందు వాయించేది), ఫ్యూగ్ ఒక జత, హేడెన్ సొనాటాలో వేగంగా నడిచే మొదటి భాగం. ఒకదాంట్లో వేళ్ళ స్పష్టత, ఒకదాంట్లో కట్టుబడి మీద పట్టు, ఒకదాంట్లో పాడినట్టు వాయించే గుణం, ఇట్లా మూడు సంగతులు వినబడాలట. మరి దీనికి తెలుగు మాట చెప్పండి. 'విరుద్ధం' అంటే తగువులాగుంది.

జవాబు (గద్వాల): మా చీరలు చూడండన్నా. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. రంగు ఎదురు రంగే ఉంటుంది, కానీ రెండింటినీ పోగు పోగు కలిపి నేస్తారు. రెండంచులు రెండు రంగులైతే గంగాజమున అంటాం. మీ మేనకోడలికి వేర్వేరు అనకుండా గంగాజమున అని ఉంటే వెంటనే అర్థమయ్యేది.

జవాబు (నేనే): అమ్మకు చదివి వినిపించాను. "గిదీ మాటంటే" అన్నది.

జవాబు (మహబూబ్‌నగర్): ఫ్యూగ్ అంటే ఏందన్నా? భజనలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నట్టా?

జవాబు (నేనే): కొంచెం అట్లాంటిదే. కాకపోతే భజనలో మనం అందుకోగానే ముందు పాడినాయన ఆగుతాడు. ఇక్కడ ఆగడు. రెండో గొంతు అదే వరుస ఎత్తుకుంటుంటే మొదటి గొంతు ఇంకో దారిలో నడుస్తూనే ఉంటుంది, తర్వాత మూడోది వస్తుంది. ఇవన్నీ రెండు చేతులతోనే. ఆ మాటకు లాటిన్‌లో పారిపోవడం అని అర్థం. బాఖ్ ఇట్లాంటి ప్రెల్యూడ్, ఫ్యూగ్ జతలు 24 కట్టి 1722లో ఒక సంపుటం చేశాడు, తర్వాత ఇంకో 24. పిల్ల ఎంచుకున్నది మొదటి సంపుటంలో సి మైనర్ అనే శ్రుతిలో ఉన్న జత. దాని ఫ్యూగ్‌లో మూడు గొంతులు.

ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. ఇవన్నీ కాగితం చూడకుండా వాయించాలి. 'కంఠతా' అందామంటే ఇక్కడ కంఠానికి పనే లేదు. 'చేతికొచ్చింది' అనొచ్చా?

జవాబు (దేవరకొండ): అనొచ్చు. కానీ మా దగ్గర చేతికొచ్చేది పంట. అది కూడా కల్లంలో పోసినంక అంటరు.

జవాబు (నేనే): అయితే ఇంకా అనను. నిన్న రాత్రి ఫ్యూగ్ మధ్యలో మూడో గొంతు దగ్గర ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నది.