లేవీయకాండం 19: ఒక వచనం పాటించి, పక్క వచనం వదిలేయొచ్చా?

బైబిల్ పాత నిబంధనలోని లేవీయకాండం చదువుతూ 19వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. 18వ వచనం పొరుగువాణ్ణి ప్రేమించమంటుంది. ఆ వెంటనే 19వ వచనం రెండు రకాల దారాలతో నేసిన బట్ట వేసుకోవద్దంటుంది. నా ఒంటి మీదున్న చొక్కా కాటన్, పాలిస్టర్ కలిసిందే! కృప (దేవుడు ఉచితంగా చూపే దయ) పేరుతో ఒకటి వదిలి ఇంకొకటి ఉంచుకోవడానికి లెక్కేంటి బ్రదర్స్?

జవాబు 1:
రోమా 6:14 ప్రకారం మనం ధర్మశాస్త్రానికి, అంటే మోషే ద్వారా వచ్చిన నియమాలకు, లోనైనవాళ్లం కాదు. టెన్షన్ వద్దు.

జవాబు 2:
అంతేనంటే ఎలా అన్నా? తర్వాతి వచనమే 'అయితే పాపం చేద్దామా?' అని అడుగుతుంది. అపొస్తలుల కార్యములు 15లో అన్యజనుల (యూదులు కానివాళ్ల) మీద సున్నతి భారం మోపలేదు, కానీ జారత్వం లాంటివి మానమన్నారు. పొరుగువాడి మాట మత్తయి 22లో యేసే మళ్లీ చెప్పాడు. బట్టల సంగతి ఎత్తలేదు.

ప్రశ్న అడిగింది నేనే:
చొక్కా ఉంచుకుంటాను. పక్కింటాయనతో మూడు నెలలుగా మాటల్లేవు, ఇప్పుడు ఆ 18వ వచనమే గుచ్చుకుంటోంది.