తిరుగుబాటుదార్లకు డబ్బిస్తే అది జోక్యమా, బలప్రయోగమా?

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఎం పరీక్షకి నికరాగువా కేసు (అమెరికా మీద నికరాగువా అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసింది) చదువుతున్నాను. వేరే దేశంలో ప్రభుత్వాన్ని కూల్చాలని చూసేవాళ్లకి డబ్బు, ఆయుధాలు ఇవ్వడం ఐరాస చార్టర్ 2(7)కి విరుద్ధమని రాయొచ్చా? డబ్బుకీ ఆయుధాలకీ కోర్టు తేడా చూపిందా?

జవాబు 1: 2(7) రాయకండి, చాలామందికి అక్కడే మార్కులు పోతాయి. అది ఐరాస తన సభ్యదేశాల సొంత వ్యవహారాల్లో తలదూర్చకుండా పెట్టిన కట్టడి. ఒక దేశం ఇంకో దేశంలో జోక్యం చేసుకోకూడదన్నది ఆచార చట్టం, అంటే దేశాలు కట్టుబడి పాటిస్తూ రావడంతో చట్టమైన నియమం. 1970 నాటి ఐరాస సర్వసభ్య సభ 2625 తీర్మానంలో వివరంగా ఉంటుంది. బలప్రయోగాన్ని నిషేధించేదైతే చార్టర్ 2(4). చార్టర్ లాంటి బహుపక్ష ఒప్పందాల తగాదాల్లో కోర్టు అధికారాన్ని పరిమితం చేస్తూ అమెరికా ముందే పెట్టుకున్న షరతు వల్ల, కోర్టు ఈ రెండు విషయాల్లోనూ ఆచార చట్టం మీదే తీర్పు చెప్పింది.

తేడా స్పష్టంగానే చూపింది. 1986 జూన్ 27 తీర్పులో కాంట్రాలకు (నికరాగువా ప్రభుత్వంపై పోరాడిన తిరుగుబాటుదార్లకు) ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం జోక్యమూ అయింది, బలప్రయోగమూ అయింది. ఒట్టి డబ్బివ్వడం జోక్యమే, బలప్రయోగం కాదు. ప్రభుత్వాన్ని కూల్చడమే అమెరికా ఉద్దేశమని రుజువు కానక్కర్లేదని కూడా కోర్టు అంది. కాంట్రాల లక్ష్యం అదే; వాళ్లకి అండగా నిలిచి నికరాగువా మెడలు వంచాలని చూస్తే చాలు. 241వ పేరా తప్పకుండా చదవండి, ఈ కేసుకి ప్రాణం అదే.

జవాబు 2: పై జవాబుకి రెండు చేర్పులు. కాంట్రాలు చేసిన అఘాయిత్యాలు అమెరికా ఖాతాలో పడలేదు. ఆ చర్యలపై దానికి వాస్తవ నియంత్రణ ఉన్నట్టు రుజువు కాలేదు. రెండోది, నికరాగువా చక్కెర దిగుమతి కోటాని అమెరికా 90 శాతం కోసినా, 1985లో వాణిజ్యం ఆపేసినా జోక్యం కాదంది కోర్టు. వాణిజ్య నిషేధం తప్పైంది ఆ రెండు దేశాల మధ్య ఉన్న 1956 స్నేహ ఒప్పందం వల్ల. ఆకలి పుట్టించి లొంగదీయడం ఒత్తిడి కాకపోతే మరేది ఒత్తిడి? నా దృష్టిలో తీర్పులో బలహీనమైన చోటు ఇదే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మరి ప్రతిపక్షమే సాయం రమ్మని పిలిస్తే?

జవాబు 1: చెల్లదండీ. 246వ పేరా: ప్రభుత్వం పిలిస్తే వెళ్లడం వేరు. ప్రతిపక్షం పిలుపూ చాలంటే, ఏ దేశమైనా ఎప్పుడైనా ఇంకో దేశంలో దూరొచ్చు, నియమం మిగలదు.