ఓపీటీలో ఉద్యోగం రాలేదు: ఛారిటీకి జీతం లేకుండా పని చేస్తే అది అనుభవమా, వెట్టి చాకిరా?

నెల్లూరు_టు_డాలస్
అందరికీ నమస్కారం. మే నెలలో డేటా అనలిటిక్స్‌లో ఎంఎస్ అయిపోయింది. ఓపీటీ (అమెరికాలో చదువు అయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్ళు పని చేయనిచ్చే అనుమతి) మొదలై 47 రోజులు. ఉద్యోగం లేకుండా ఉండనిచ్చేది మొత్తం 90 రోజులే కదా, పొద్దున లేవగానే ముందు ఆ లెక్కే వేసుకుంటున్నాను. రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. రెండూ "ఇక్కడ పని చేసిన అనుభవం ఉందా" దగ్గరే ఆగిపోయాయి.

ఇప్పుడు రెండు దారులున్నాయి. దగ్గర్లో లేనివాళ్ళకి సరుకులు ఉచితంగా ఇచ్చే ఒక ఫుడ్ బ్యాంక్ వాళ్ళు డేటా పనికి వాలంటీర్ కావాలంటున్నారు. వారానికి 20 గంటలు, జీతం లేదు. ఇంకోటి, తెలిసినవాళ్ళ ద్వారా ఒకాయన "మాకు ఎన్జీవో ఉంది, పనేమీ చేయక్కర్లేదు, 300 డాలర్లు కడితే మా దగ్గర పని చేస్తున్నట్టు లెటర్ ఇచ్చేస్తాం" అన్నారు. మొదటిది వెట్టి చాకిరీ, రెండోది అందరూ చేసేదే అంటోంది నా రూమ్మేట్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

హనుమకొండ_కుర్రోడు
చెల్లెమ్మా, ఆ 300 డాలర్ల లెటర్ జోలికి మాత్రం పోవద్దు. దాని మీద వాదన కూడా అనవసరం. కానీ మొదటిదాని విషయంలో నేను మీ రూమ్మేట్ వైపే.

మా నాన్న పొలం తాకట్టు పెట్టి 40 లక్షలు తెచ్చి నన్ను పంపించాడు. నాలాంటివాళ్ళు ఇక్కడ వేలమంది ఉన్నారు. వారానికి 20 గంటలు ఊరికే పని చేస్తే అద్దె ఎవరు కట్టాలి? ఇంటి నుంచి డబ్బులు తెప్పించుకోగలిగినవాళ్ళకే ఈ అనుభవం అందుతుంది, లేనివాడు ఇక్కడా వెనకబడిపోతాడు. ఇంకో మాట. ఆ సంస్థలు కరెంటు బిల్లు కడతాయి, అకౌంటెంట్‌కి ఫీజిస్తాయి. కంప్యూటర్ పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం సేవ అంటాయి. ఆ పని ఊరికే జరిగిపోతుందని ఒకసారి అలవాటైతే, ఆ కుర్చీకి జీతం ఎప్పటికీ రాదు.

గోదావరి_ఒడ్డు
అప్పు బాధ నాకూ తెలుసు తమ్ముడూ, నాదీ అదే కథ. అయినా ఈ అమ్మాయిని వెళ్ళమనే చెప్తాను.

నేను ఒహాయోలో ఒక ఫుడ్ బ్యాంక్‌లో పదకొండు వారాలు చేశాను. మొదటి రోజే ఒక ఎక్సెల్ షీట్ చేతిలో పెట్టారు. ఆరేళ్ళుగా సరుకులకు వస్తున్న కుటుంబాల వివరాలన్నీ అందులోనే. ఒకే ఆవిడ పేరు మూడు రకాలుగా ఉంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట స్పెల్లింగే వేరు. మూడు కుటుంబాలుగా లెక్కలో పడింది. క్లాసులో మనకిచ్చే డేటా కడిగి తరిగి పెట్టిన కూరగాయలు, ఇది మట్టితో సహా పీకి తెచ్చింది.

డూప్లికేట్లు తీసే కోడ్ రెండు రోజుల్లో రాసేశాను. ఏవి డూప్లికేట్లో తెలియడానికి మాత్రం కౌంటర్లో కూర్చునే పెద్దావిడ పక్కన నాలుగు మధ్యాహ్నాలు కూర్చోవాల్సి వచ్చింది. ఒకచోట పేరూ అడ్రసూ రెండూ ఒకటే, నేను కలిపేయబోయాను. "ఆగు, వాళ్ళు తండ్రీకొడుకులు, పైన ఒకరు కింద ఒకరు ఉంటారు, పొయ్యిలు వేరు" అంది. కలిపేసి ఉంటే ఒక ఇంటికి ఆ వారం సరుకులు అందేవి కావు.

తర్వాత ఒక ఇంటర్వ్యూలో "మీ లెక్క తప్పయితే ఎవరికి నష్టం?" అని అడిగారు. కాలేజీ ప్రాజెక్టుల్లో దానికి జవాబు ఉండదు. ఈ తండ్రీకొడుకుల సంగతి చెప్పాను, మిగతా టైమంతా దాని మీదే మాట్లాడారు. ఉద్యోగం దానివల్లే వచ్చిందని అనను, ఒక రిఫరల్ కూడా ఉంది. కానీ చెప్పుకోవడానికి నా దగ్గర నిజంగా చేసిన పని ఒకటుంది.

ఐఎస్ఎస్_డెస్క్
యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో రెండేళ్ళు పని చేశాను. రూల్స్ వరకు చెప్తాను.

మొదటి పన్నెండు నెలల ఓపీటీలో జీతం లేని వాలంటీర్ పని కూడా ఉద్యోగం కిందే లెక్క. కాకపోతే వారానికి కనీసం 20 గంటలు ఉండాలి, చదివిన చదువుకి నేరుగా సంబంధించిన పని అయ్యుండాలి, కార్మిక చట్టాలకు విరుద్ధం కాకూడదు. ఫుడ్ బ్యాంక్‌లో డేటా పని మీ డిగ్రీకి సరిపోతుంది. అక్కడే డబ్బాలు సర్దితే పుణ్యం వస్తుంది కానీ 90 రోజుల లెక్క ఆగదు. మొదలుపెట్టిన పది రోజుల్లోపు సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు) నమోదయ్యేలా చూసుకోండి. స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో, అంటే సైన్స్, టెక్నాలజీ లాంటి డిగ్రీలవాళ్ళకి ఆ తర్వాత ఇచ్చే ఓపీటీ పొడిగింపులో, ఇది కుదరదు, అక్కడ జీతం తప్పనిసరి. లాభాల కోసం నడిచే కంపెనీ "వాలంటీర్‌గా చేరు" అంటే అది చట్టాన్ని దాటడమే, వెళ్ళకండి.

పని చేయకుండా లెటర్ కొనడం అబద్ధపు రికార్డు. హెచ్-1బీ అప్పుడో గ్రీన్ కార్డు అప్పుడో ఎవరైనా దాన్ని తవ్వితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే, డబ్బు తీసుకున్నాయన కాదు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి కాలేజీ. "అందరూ చేస్తున్నారు" అన్న ఒక్క మాట నమ్మి దొరికిపోయినవాళ్ళలో మన పిల్లలు ఎంతమంది!

సంస్థ అసలుదో కాదో చూడాలంటే ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. కాస్త పెద్ద సంస్థ అయితే ఏటా ఆ శాఖకి వేసే లెక్కల పత్రం, ఫారం 990 కూడా చూడొచ్చు.

న్యూజెర్సీ_పిన్ని
నేను అవతలి వైపు నుంచి మాట్లాడతాను. ముసలివాళ్ళకి ఇంటికి భోజనం పంపే చిన్న సంస్థలో ఆఫీసు పని చూస్తాను. జీతం తీసుకునేది ముగ్గురమే.

మాకు సాఫ్ట్‌వేర్ కొరత లేదు. సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పది లైసెన్సులు ఉచితంగా ఇస్తుంది, ఛారిటీలకి సాఫ్ట్‌వేర్ అందించే టెక్‌సూప్‌లో మిగతావి తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిని మా పనికి తగ్గట్టు అమర్చే మనిషే లేడు. అందుకే కిందటేడు ఒక బాబు వచ్చి డ్రైవర్ల రూట్లకి చక్కని డాష్‌బోర్డు చేసిపెడితే అందరం పొంగిపోయాం. ఉద్యోగం రాగానే మంచి మనసుతో వీడ్కోలు తీసుకున్నాడు. మూడు వారాల తర్వాత ఒక సోమవారం పొద్దున స్క్రీన్ తెరుచుకోలేదు. అంతా అతని సొంత జీమెయిల్ కింద ఉంది. అరవై రెండు భోజనాలు వ్యాన్లలో చల్లారిపోతుంటే, పాత కాగితాలు వెతికి ఫోన్లు చేసి పంపించాం.

అతన్ని తప్పుపట్టను, అప్పగింత ఎలా ఉండాలో మేమే చెప్పలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి రోజే చెప్తున్నాం. అకౌంట్లన్నీ సంస్థ పేరు మీదే, ఇళ్ళ అడ్రసులు సొంత ల్యాప్‌టాప్‌లోకి దింపకూడదు, వెళ్ళే ముందు వారం మాలో ఒకరికి కూర్చోబెట్టి నేర్పాలి. బదులుగా పని చూసి తప్పులు చెప్పే మనిషిని ఇస్తాం, చేసిన పని వివరంగా రాసి ఉత్తరం ఇస్తాం, ఇంటర్వ్యూ ఉన్న రోజు రావద్దంటాం, ఆ గంటలు వేరే రోజు చూసుకుంటాం. అమ్మాయ్, ఆ ఫుడ్ బ్యాంక్ వాళ్ళని ఇవన్నీ అడుగు. అడిగితే చిరాకు పడే చోటైతే వద్దు.

హనుమకొండ_కుర్రోడు
పిన్నిగారూ, మీలాంటి చోటైతే నా కోపం సగం తగ్గుతుంది. మిగతా సగం తగ్గదు. ఆ అరవై రెండు భోజనాలు ఒక వాలంటీర్ జీమెయిల్ మీద ఆధారపడ్డాయంటే, ఆ పనికి జీతం ఇవ్వాల్సిన అవసరం ఎంత ఉందో అదే చెప్తోంది. దాతలు వ్యాన్ కొనివ్వడానికి ముందుకొస్తారు, మనిషి జీతానికి రారు. బోర్డు మీటింగ్‌లో వారానికి పది గంటల జీతమైనా అడగండి. లేదంటే మా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు, మీ సోమవారాలు అలాగే ఉంటాయి.

న్యూజెర్సీ_పిన్ని
నిజమే బాబూ. వచ్చే బడ్జెట్‌లో అడుగుతాను. ఇస్తారని మాట ఇవ్వలేను.

నెల్లూరు_టు_డాలస్
ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను. లెటర్ ఆయనకి వద్దని చెప్పేశాను. ఫుడ్ బ్యాంక్‌కి వెళ్ళి పిన్నిగారు చెప్పినవన్నీ అడిగాను. మేనేజర్ ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుంది, రెండిటికి "ఇది మేం ఆలోచించలేదు" అంది. వాళ్ళ ల్యాప్‌టాపే ఇస్తారట. బుధ, శుక్రవారాలు ఇంటర్వ్యూలకి ఖాళీ. అద్దె సంగతి హనుమకొండ అన్నయ్య చెప్పినట్టే ఉంది. మూడు నెలలకి మా అక్క సర్దుతానంది, ఆ తర్వాత కుదరదు. 52 దగ్గర లెక్క ఆగింది.

గోదావరి అన్నయ్యా, ఒక సందేహం. "ఇంట్లో ఎంతమంది" కాలమ్‌లో ఒకచోట "5, అమ్మమ్మ వస్తే 6" అని ఉంది. అంకె ఒక్కటే ఉంచాలంటే ఏం చేయను?

గోదావరి_ఒడ్డు
ఆ గడి ముట్టుకోకమ్మా. పక్కన కొత్త కాలమ్ పెట్టి 5 వేయి, ఇంకో కాలమ్‌లో ఆ మాట ఉన్నదున్నట్టు ఉంచు. అది రాసిందెవరో కనుక్కుని, అమ్మమ్మ నెలలో ఎన్ని రోజులు ఉంటుందో అడుగు.